సొరబుర్రలో చివరి గుక్క

ఆ ఉదయం నైరోబీ ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయికి కాళ్లూ చేతులూ ఆడలేదు. అద్దాల తలుపు తెరుచుకున్నది మొదలు మళ్లీ మూతపడటమే లేదు. ఎర్ర శుకా దుప్పట్లు భుజాన వేసుకున్న ముప్పై మంది మగవాళ్లు, అందరూ యాభైకి అటూ ఇటూ ఉన్నవాళ్లే, చేతికర్రలు పట్టుకుని, టైరు చెప్పులు టపటపలాడిస్తూ ఒకరి వెనక ఒకరు లోపలికి వస్తూనే ఉన్నారు. కుర్చీలు నిండిపోయాయి. కుర్చీ దొరకనివాళ్లు గోడవార కర్ర ఆన్చుకుని ఒంటికాలి మీద నిలబడ్డారు. ఎవరికీ తొందర లేదు. వాన వెలిసేదాకా ఆగుదామని వచ్చినట్టున్నారు.

"ఎవరి కోసమండీ?" అందా అమ్మాయి.

"కోయినెత్ కోసం."

"పేషెంటుకు మీరేమవుతారు? బంధువులా?"

అందరికన్నా ముందు నిలబడ్డ పొడుగాటి మనిషి పేరు కంతాయ్. చేతిలో నల్లటి దుడ్డుకర్ర ఉంది. ఆ జట్టు తరఫున మాట్లాడే పెద్ద ఆయనే.

"బంధువులు ఊళ్లో ఉన్నారమ్మా. మేం ఆయన ఈడువాళ్లం."

"అంటే ఫ్రెండ్సా?"

"స్నేహితుడు నచ్చకపోతే మానేస్తాం. ఈడువాణ్ణి మానెయ్యడానికి లేదు," అన్నాడు కంతాయ్.

మేడమెట్లు దిగి వస్తున్న నషిపాయ్ ఆ మాట విని నవ్వు ఆపుకుంది. తెల్లకోటు, మెడలో ఆసుపత్రి బిళ్ల, తల నున్నగా గీయించుకున్న పడుచు. పై అంతస్తులో ఉన్న ప్రయోగశాలలో పనిచేస్తుంది. ఆమెను చూడగానే ఆ ముప్పై మందీ ఒక్కసారిగా తలలు పైకెత్తారు. ఆమె ఒక్కొక్కరి ముందుకూ వెళ్లి తల వంచింది. ఒక్కొక్కరూ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టారు. తండ్రి జట్టులో ఉన్న మగవాళ్లంతా ఆడపిల్లకు తండ్రులే. అందువల్ల రిసెప్షన్ అమ్మాయి కళ్లెదుటే నషిపాయ్‌కి ముప్పై మంది నాన్నలు తేలారు. కన్నతండ్రి సిరోంకా మాత్రం లోపలికి రాలేదు. గేటు బయట మేకను పట్టుకుని నిలబడ్డాడు. ఆసుపత్రికి ఉత్తచేతులతో ఎలా వస్తాం అని వాళ్లు మేకను కూడా బస్సెక్కించి తెచ్చారు.

ఈ మాసాయి తెగలో మగవాడి వయసు ఏళ్లలో లెక్కపెట్టరు. ఏ కాలంలో సున్తీ కత్తి ముందు కూర్చున్నాడో ఆ కాలపు కుర్రాళ్లంతా ఒక జట్టు. జట్టంతా కలిసి యోధులవుతుంది, కలిసి జుట్టు గీయించుకుని ఇంటివాళ్లవుతుంది, కలిసి పెద్దరికం తీసుకుంటుంది. ఒకడు ముందుకు ఉరకడానికి లేదు, ఒకణ్ణి వెనక వదలడానికీ లేదు. యోధుడిగా ఉన్నన్నాళ్లూ పక్కన ఈడువాడు లేకుండా గుక్కెడు పాలు తాగకూడదు. చెడ్డ ఆకలి మీద ఉన్నా సరే, తోడు దొరికేదాకా ఆగాల్సిందే. అలా ఆగడం నేర్చుకున్నవాళ్లు ముసలితనంలో కూడా ఒకరి కోసం ఒకరు ఆగుతారు. ఈ జట్టు పేరు వెనుదిరగనివాళ్లు. కత్తి ముందు కనురెప్ప కదలకూడదన్నది అందరికీ ఉన్న నియమమే కానీ, వీళ్లకు దాని మీద మరీ గర్వం.

"కోయినెత్‌ని చూడ్డానికేనా వచ్చారు?" అంది నషిపాయ్.

"చూడ్డానికైతే ఇద్దరొస్తే చాలుగా. మీ యంత్రం సంగతి విన్నాం. నొప్పిని పదిమందికి పంచుతుందట. మా వంతులు మాకు పోసెయ్," అన్నాడు కంతాయ్, పాలు పొయ్యమన్నంత మామూలుగా.

*

యంత్రానికి ప్రయోగశాలలో పెట్టిన పేరు పలకాలంటే నాలుక మడతపడుతుంది. ఈడువాళ్లు దాన్ని చూసిన రోజే సొరబుర్ర అన్నారు. పాలు పోసి చేతులు మార్చుకుంటూ తాగే ఎండు సొరబుర్ర. పేరు సరిగ్గా కుదిరింది. చివరికి డాక్టర్ అకెలో కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది.

అకెలో ఆ ప్రయోగశాలకు పెద్ద. మాట కటువు, మనసు మెత్తన. ఆ ముప్పై మందినీ కోయినెత్ మంచం చుట్టూ చాపల మీద కూర్చోబెట్టి తన ఎడమ అరచెయ్యి చూపించింది.

"ఇక్కడేమైనా కనిపిస్తోందా? ఏమీ లేదు కదా. మూడేళ్ల కిందట, కాలిన చెయ్యితో వచ్చిన ఒక పిల్ల నొప్పిని మొదటిసారి నా ఒంట్లోకి ఎక్కించుకున్నాను. ఏం రాబోతోందో నాకు తెలీదు. 'అమ్మో' అని ఎగిరిపడ్డాను. ఆ పిల్ల హాయిగా నిద్రపోయింది. యంత్రం తీసేశాం. పిల్లకు తగ్గిపోయింది. ఇక్కడ మాత్రం నిప్పురవ్వ ఒకటి మిగిలిపోయింది. పొద్దున్నే టీ కప్పు పట్టుకుంటే ఇప్పటికీ చురుక్కుమంటుంది. అది పోదు. మీకూ పోదు. తెలిసే ఒప్పుకోండి."

తర్వాత నషిపాయ్ తమ భాషలో విడమరిచి చెప్పింది. నొప్పి ఒంటిని ఏదో అడుగుతుంది, ఒళ్లు జవాబు చెబుతుంది. ఆ జవాబులోంచే ఊరట పుడుతుంది. రాచపుండు ఎముకల్లోకి పాకిన కోయినెత్‌కి ఇక జవాబు చెప్పే ఓపిక లేదు. సొరబుర్ర ఆయన నొప్పిని గుక్కలు గుక్కలుగా మిగతావాళ్ల మెడపట్టీల్లోకి పంపుతుంది. వాళ్ల ఒళ్లు చెప్పే జవాబులన్నీ పోగుచేసి ఆయనకు తిరిగి పోస్తుంది. చెప్పినంత తేలికగా జరిగితే బాగానే ఉండేది. ఇదివరకు వేరే రోగుల కోసం భార్యలు వచ్చారు, కొడుకులు వచ్చారు, కవలపిల్లలు కూడా వచ్చారు. ప్రేమకు లోటు లేదు. పట్టీ తగలగానే మాత్రం వాళ్ల ఒళ్లు భయంతో తలుపు మూసుకునేది. మూసిన తలుపుకు కొట్టుకున్న నొప్పి రెట్టింపై రోగి దగ్గరికే వెళ్లేది.

"బెదరని మనుషులు కావాలి," అంది నషిపాయ్. అప్పుడామె నమ్మింది అదే.

ముప్పై మందీ ఒకరినొకరు చూసుకుని ఫక్కున నవ్వారు. బెదరనివాళ్లు కావాలని వీళ్లను అడగడమా!

నవ్వనిది కోయినెత్ ఒక్కడే. మంచం మీద ఎడమ తుంటి కింద దిండు పెట్టుకుని ఒరిగి ఉన్నాడు. ఒకప్పుడు అందరికన్నా పొడుగు. ఇప్పుడు దుప్పటి కింద ఎముకల వరస కనిపిస్తోంది.

"నాకొద్దు," అన్నాడు.

"నిన్నెవరడిగారు?" అన్నాడు కంతాయ్.

"నామీద పెట్టింది నేనే మోస్తాను. ఇచ్చినదాన్ని తిరిగి పుచ్చుకోడం ఎక్కడైనా ఉందా?"

దాని వెనక పాత కథ ఉంది. యోధులు జుట్టు గీయించుకుని ఇంటివాళ్లయ్యే పండగలో, జట్టు మొత్తానికి ఒకణ్ణి ఎంచుకుంటారు. వాడు జట్టు చేసిన తప్పులన్నీ తన నెత్తిన పెట్టుకోవాలి. గొప్ప గౌరవమే, కానీ ఎవడూ కోరుకోడు. అందుకే ముందుగా చెప్పరు, నలుగురూ మీదపడి పట్టుకుంటారు. కోయినెత్ ఆ రోజు అడవిలేడిలా పరిగెత్తాడు. కంతాయ్ కాళ్లు పట్టుకుంటే వాడి ముంజేతిని కొరికాడు. చివరికి పట్టుబడ్డాడు. అప్పట్నించీ జట్టులో ఎవడు దొంగతనం చేసినా, ఎవడు అబద్ధమాడినా ఊరు కోయినెత్ వంక చూసేది. కరవు వచ్చినప్పుడు మొదట పోయినవి అతని ఆవులే. ఒక్కసారి కూడా అతను నోరెత్తలేదు.

కంతాయ్ మంచం అంచున కూర్చుని శుకా పైకి లాగి ముంజెయ్యి చూపించాడు. పంటి గాట్లు తెల్లగా ఇంకా ఉన్నాయి.

"చూడు. ఆ రోజు నువ్వు ఇష్టపడి మొయ్యలేదు. మేం పట్టుకుని మోయించాం. ఇప్పుడు నీ ఇష్టం అడుగుతామనుకున్నావా? పళ్లుంటే మళ్లీ కొరుకు."

కోయినెత్ నవ్వబోయాడు, నొప్పి ఒప్పుకోలేదు. కాసేపటికి నషిపాయ్‌ని దగ్గరికి పిలిచాడు.

"అమ్మాయ్, మందు వేస్తే నిద్రపోతున్నాను. మానేస్తే చేతులు వణుకుతున్నాయి. వానలు రాకముందే కొత్త జట్టుకు మేం నిప్పు రాజెయ్యాలి. ఆ కుర్రాళ్లకు పెద్దదిక్కు మా జట్టే. పుల్ల మీద మా అందరి చేతులూ పడాలి. ఆ ఒక్క పొద్దు నేను నేనుగా ఉండాలి. చెయ్యగలవా?"

"చేస్తాను నాన్నా," అంది నషిపాయ్. అంత పెద్ద మాట తొందరపడి ఇచ్చానేమోనని మెట్ల దాకా వచ్చాక అనుకుంది.

మెట్ల దగ్గర కంతాయ్ ఆగాడు. ఆమె కళ్లలోకి చూడకుండా అన్నాడు.

"తల్లీ, ఏమీ అనుకోకు. సిరోంకాను కూర్చోబెట్టొద్దు. వాడు మంచివాడే. నీకు తెలుసుగా."

ఆమెకు తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. కత్తి పడిన క్షణాన సిరోంకా కాలు కదిలింది. వెనుదిరగనివాళ్లలో కదిలినవాడు ఆయనొక్కడే. జట్టులోంచి ఎవరూ వెళ్లగొట్టలేదు, ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు కూడా. కానీ సొరబుర్ర తిరిగినప్పుడు ఆయన వంతు ఎప్పుడూ చివరిది. చిన్నప్పుడు బళ్లో ఒక పిల్ల "మీ నాన్న కాలు ఎలా విసిరాడో తెలుసా?" అని ఎగిరి చూపిస్తే, నషిపాయ్ ఆ పిల్లను కొట్టి ఇంటికొచ్చి ఏడ్చింది. ఎందుకేడ్చావని తండ్రి అడిగితే చెప్పలేదు. ఆయన రెండోసారి అడగలేదు.

"సరే నాన్నా," అంది ఆమె కంతాయ్‌తో. యంత్రానికి బెదరనివాళ్లే కావాలి. అందులో అన్యాయమేముంది అనుకుంది.

గేటు దగ్గర సిరోంకాకు ఆ సంగతి చెప్పింది. ఆయన మేక చెవి నిమురుతూ విన్నాడు.

"సరేనమ్మా. మేకను ఎవరో ఒకరు చూసుకోవాలిగా," అన్నాడు.

*

కోయినెత్‌ని లొయితా కొండల్లో ఉన్న అతని ముళ్లకంచె ఇంటికి తీసుకొచ్చారు. జీపు నిండా పెట్టెలు, తీగలు, ఎండతో నడిచే పలకలు. ఇంటి ముందు గడ్డిలో ఎద్దుచర్మం పరిచి అతన్ని పడుకోబెట్టారు. భార్య నోలారి తల దగ్గర కూర్చుంది. కోయినెత్ రోజూ పొద్దున లేచే తీరు ఆవిడకు కంఠతా వచ్చు. ఎడమ తుంటి మీద చెయ్యి వేసుకుని, ఒక మోకాలు ముందుకు వంచి, "ఊఁ" అని నేలను బతిమాలుతున్నట్టు లేస్తాడు. ఆయన లేచాకే ఆవిడ పాలు పితకడానికి వెళ్లేది. లేవడం మానేసి నెల దాటింది.

ఈడువాళ్లు వలయంగా కూర్చున్నారు. నషిపాయ్ మెడపట్టీలు కట్టింది. కంచె అవతల ఆడవాళ్లు, త్వరలో కత్తి ముందు కూర్చోబోయే కొత్త జట్టు కుర్రాళ్లు గుంపుగా నిలబడ్డారు. తమ పెద్దలు ఎంత గట్టివాళ్లో చూడాలని వాళ్లకు ఆత్రం.

అకెలో తల ఊపింది. నషిపాయ్ మీట తిప్పింది.

ముప్పై మంది దవడలు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. అంతే. రెప్ప పడలేదు. వేలు కదలలేదు. చెట్టు మొదళ్లు నయం. కుర్రాళ్లు ఆహా అని మెచ్చుకున్నారు. నషిపాయ్‌కి కూడా ఒక్క క్షణం ఒళ్లు పులకరించింది. మరుక్షణం తెర వంక చూసింది. తిరిగి రావలసిన అల రావడం లేదు. గీత నిటారుగా, చచ్చినట్టు పడుంది.

అప్పుడు కోయినెత్ అరిచాడు. ఆ గొంతు మనిషిది కాదు. నోలారి అతని మీద పడిపోయింది. నషిపాయ్ మీట కట్టేసింది.

"మేం కదల్లేదే! ఒక్కడు కూడా కదల్లేదే!" అన్నాడు కంతాయ్ అయోమయంగా.

పట్టీలు సర్ది మళ్లీ తిప్పారు. ఈసారి ఇంకా గట్టిగా బిగపట్టారు. ఇంకా గట్టిగా అరిచాడు కోయినెత్. అకెలో ముందుకొచ్చి తీగ లాగేసింది.

"ఇంకోసారి చేస్తే గుండె ఆగిపోతుంది. మందు ఇద్దాం, పడుకోనిద్దాం. చేతనైనది చేశాం, నషిపాయ్. రేపు సామాను సర్దుకుందాం."

నిప్పు రాజేసేది ఎల్లుండి. కంతాయ్ దుడ్డుకర్ర నేల మీద పెట్టి తల రెండు చేతులతో పట్టుకున్నాడు. నొప్పి తట్టుకోవడం చేతకాక ఓడిపోయి ఉంటే సిగ్గుపడేవాడు. తట్టుకుని ఓడిపోతే ఏం చెయ్యాలో ఆ జట్టులో ఎవరికీ తెలియదు.

*

సాయంత్రం మందలు ఇంటికొచ్చే వేళ. నషిపాయ్ కంచె పక్కన తండ్రి దగ్గరికి వెళ్లి కూర్చుంది. సిరోంకా ఒక మేకపిల్లను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని గిట్టలో ముల్లు వెతుకుతున్నాడు. బొటనవేలితో నొక్కినప్పుడల్లా అది విలవిల్లాడుతోంది.

"పట్టుకోనా నాన్నా? తన్నేస్తోంది."

"తన్ననీ. తన్నకపోతే ముల్లెక్కడుందో నాకెలా తెలుస్తుంది?" ఆయన ఇంకో చోట నొక్కాడు. మేకపిల్ల ఛెళ్లున తన్నింది. "ఇదిగో, ఇక్కడుంది!" గోళ్లతో ముల్లు పీకేశాడు. మేకపిల్ల ఒళ్లు దులుపుకుని, ఏమీ జరగనట్టు తల్లి దగ్గరికి పరిగెత్తింది.

నషిపాయ్ ఆ ముల్లు వంకే చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లలో అడగని మాట ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"ఆ రోజు ఏమైంది నాన్నా?"

ఏ రోజని ఆయన అడగలేదు.

"ఏముందమ్మా. కత్తి పడింది. నొప్పేసింది. కాలు కదిలింది. మా అమ్మ మొహం చూడలేకపోయాను." ముల్లును కంచెలోకి విసిరేశాడు. "ఒకటి మాత్రం చెప్తాను, ఎవరితోనూ అనకు. నా నొప్పి ఆ రోజే పోయింది. వచ్చింది, తన్నాను, పోయింది. మిగతావాళ్లది ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. తేనెసారా తాగినప్పుడు ఒకడొకడే నా పక్కకొచ్చి కూర్చుని చెప్తారు, ఇప్పటికీ కల్లోకి వస్తుందని. మిగతావాళ్ల దగ్గర చెప్పలేరుగా. నా దగ్గరైతే సిగ్గుండదు."

నషిపాయ్‌కి అప్పుడు తట్టింది. భయపడ్డవాళ్లు తలుపు మూశారు. ధైర్యస్థులూ మూశారు. గడియ వేరు, అంతే. జవాబు చెప్పిన ఒళ్లు రెండే. ఏం రాబోతోందో తెలియక ఎగిరిపడ్డ అకెలోది ఒకటి. రెండోది ఇదిగో, మేకల మధ్య కూర్చుంది. పెద్ద చదువులు చదివి, తీగలు పేని, యంత్రం కట్టి, కావలసిన మనిషిని తన చేత్తోనే గేటు బయట నిలబెట్టింది. ఆమెకు ఏడుపొచ్చింది.

"నాన్నా, నిన్ను కూర్చోబెట్టొద్దన్నాను. తప్పు చేశాను."

"ఇప్పుడు కూర్చోమంటావా?"

"ఒక్కడివైతే మోయలేవు. మిగిలిపోయే రవ్వ పెద్దదవుతుంది. జీవితాంతం ఉంటుంది."

సిరోంకా లేచి శుకా దులుపుకున్నాడు. "మేకలు చూడ్డానికి ఇంకెవరినైనా పిలు," అన్నాడు.

*

మర్నాడు పొద్దున వలయం మధ్యలోంచి సిరోంకా నడిచి వచ్చాడు. కంతాయ్ అడ్డు రాబోయాడు. ఎద్దుచర్మం మీదినుంచి కోయినెత్ చెయ్యెత్తాడు. గొంతు పీలగా ఉంది.

"రానియ్యండి. ఈసారి మొదటి గుక్క వాడిది."

"నేనూ కట్టుకుంటాను నాన్నా," అంది నషిపాయ్, ఇంకో పట్టీ తీసి.

"నువ్వు మా కూతురివి. తండ్రుల వంతు కూతుళ్లు తాగరు. దూరంగా జరుగు," అన్నాడు కోయినెత్. ఆమె ఆ పట్టీని పెట్టెలో పెట్టేసింది. తండ్రి మెడకు పట్టీ కట్టింది. కన్నతండ్రి ఒంట్లోకి, తిరిగి తియ్యలేనిదాన్ని తానే పంపుతోంది. ఆయన ఆమె చేతిని ఒకసారి తట్టాడు. మీట తిప్పింది.

"ఓరి నాయనో!" సిరోంకా కాలు విసిరికొట్టాడు. తుంటి పట్టుకుని పక్కకు ఒరిగాడు. "అమ్మా! అబ్బా! ఇంత నొప్పి పెట్టుకుని ఎలా పడుకున్నావురా కోయినెత్!" కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, ఆయన తుడుచుకోవడం లేదు.

తెర మీద అల లేచింది. వెళ్లింది. తిరిగి వచ్చింది.

కోయినెత్ నుదుటి ముడి విడిపోయింది. పిడికిలి తెరుచుకుంది. నెల రోజుల తర్వాత మొదటిసారి అతను గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. నోలారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కుర్రాళ్లలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఎవరూ వాడి వంక చూడలేదు. తెర అంచు ఎర్రబడుతోంది.

"ఒక్కడికి ఇంత భారం కూడదు. ఆపెయ్," అంది అకెలో.

"కాసేపుండమ్మా," అన్నాడు సిరోంకా పళ్ల మధ్యనుంచి, "వాణ్ణి కాసేపు గాలి పీల్చుకోనీ."

కంతాయ్ కంచె వంక చూశాడు. అక్కడ తన భార్యలున్నారు, కొడుకులున్నారు. రేపు తను నిప్పు రాజెయ్యబోయే కుర్రాళ్లున్నారు. కత్తి ముందు కదలొద్దని వాళ్లకు చెప్పాల్సిన నోరు తనది. జీవితమంతా కూడబెట్టుకున్న పరువు అక్కడ నిలబడి ఉంది. ఆయన వెళ్లి సిరోంకా పక్కన కూర్చున్నాడు.

"కట్టమ్మా. ఎలా కదలాలో చెప్పరా," అన్నాడు.

"చెప్పేదేముంది? బిగబట్టకు. రానియ్," అన్నాడు సిరోంకా.

మొదట రాలేదు. ఆ దవడ ముప్పై ఎనిమిదేళ్లుగా బిగిసి ఉన్న దవడ. సిరోంకా ఆయన చెయ్యి పట్టుకుని నొక్కాడు, గిట్టలో ముల్లు వెతికినట్టే. ఉన్నట్టుండి కంతాయ్ నోట్లోంచి ఒక కేక వచ్చింది. పసిపిల్లాడి కేక. ఆ కేకలో కోయినెత్ తుంటి నొప్పి ఉంది, పాత కత్తి నొప్పి కూడా ఉంది. నల్ల దుడ్డుకర్ర దొర్లిపోయింది. వెనుదిరగనివాళ్ల పెద్ద గడ్డిలో పడి కాళ్లు తన్నుకుంటూ ఏడ్చాడు.

అంత ధైర్యం నషిపాయ్ తన జన్మలో ఎక్కడా చూడలేదు.

తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. ఒకడు "అయ్యో", ఒకడు "చచ్చానురో", ఒకడు చచ్చిపోయిన వాళ్లమ్మను పిలిచాడు. మొదట ఆడవాళ్లు నవ్వారు, నవ్వుతూ నవ్వుతూ ఏడవడం మొదలుపెట్టారు. కుర్రాళ్లు మాత్రం నవ్వడం మానేశారు. వంతులు చిన్నవవుతున్న కొద్దీ కేకలు మూలుగులయ్యాయి, మూలుగులు నిట్టూర్పులయ్యాయి. అందరికన్నా ముందు మొదలుపెట్టిన సిరోంకా వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నాడు. వలయం మధ్యలో కోయినెత్ మోచేతుల మీద లేచి కూర్చుని, పాలడిగాడు.

*

మర్నాడు నిప్పు రాజేశారు. దూలం ముక్క మీద పుల్ల నిలబెట్టి, అరచేతుల మధ్య తిప్పుతూ చేతులు మార్చుకున్నారు. అలసిన చెయ్యి పక్కకు తప్పుకుంటే తాజా చెయ్యి అందుకుంటోంది. మధ్యమధ్యలో కోయినెత్ తుంటిలోంచి అల వచ్చినప్పుడల్లా సిరోంకాతో కలిపి ముప్పై ఒక్క మందీ ఒకేసారి "అబ్బా" అని ఒక పక్కకు ఒరిగి, మళ్లీ సర్దుకుంటున్నారు. అది చూసి కోయినెత్ పకపకా నవ్వాడు. ఆయన వంతు వచ్చినప్పుడు రెండు చేతులూ పుల్ల మీద పెట్టాడు. చేతులు వణకలేదు. ఆయన చేతుల కిందే పొగ లేచిందని కంతాయ్ అంటాడు. అబద్ధమాడినా ఆడి ఉండొచ్చు. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

కొత్త జట్టు కుర్రాళ్లు నిప్పు అందుకోవడానికి వరసగా వచ్చారు. కంతాయ్ వాళ్లతో కత్తి గురించి మామూలుగా చెప్పే మాటలే చెప్పాడు. చివర్లో మాత్రం కాస్త ఆగి, "మీ పక్కవాడి కాలు కదిలితే, ఎవడూ వాడి అమ్మ వంక చూడకండి," అన్నాడు.

కోయినెత్ తర్వాత ఎన్నో రోజులు బతకలేదు. ఉన్నన్నాళ్లూ మెలకువగా ఉన్నాడు. నోలారితో పొట్లాడాడు, మనవలకు పేర్లు పెట్టాడు, ఆవుల గురించి ఫిర్యాదులు చేశాడు. ఒక మధ్యాహ్నం మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. వలయంలో అందరికీ ఒకేసారి తెలిసింది.

నైరోబీలో అకెలో దగ్గరికి ఊళ్లూ దేశాలూ దాటి ఫోన్లు వచ్చాయి. యంత్రం ఎప్పుడిస్తారని. "యంత్రం ఇస్తాం. మనుషుల్ని ఎక్కణ్ణించి తెమ్మంటారు?" అనేది ఆవిడ అరచెయ్యి రుద్దుకుంటూ. అలాంటి ముప్పై మందిని తయారుచెయ్యాలంటే చిన్నప్పట్నించీ ఒంటరిగా పాలు తాగనివ్వకుండా పెంచాలి. అందుకు ఏ ప్రయోగశాలలోనూ వీలు లేదు.

వానలు వెలిశాక నషిపాయ్ ఇంటికి వచ్చింది. తెల్లవారే వేళకు ఈడువాళ్లు కంచె దగ్గర చలికాచుకుంటూ కూర్చుని ఉన్నారు. సొరబుర్ర తిరుగుతోంది. మొదటి గుక్క సిరోంకా తాగి పక్కకు అందించాడు. ఆ సంగతి ఎవరూ గమనించినట్టు లేరు. ఇంటి నీడలో నోలారి చేతిలో పాలచెంబుతో నిలబడి ఉంది. దూడ అరుస్తున్నా ఆవు దగ్గరికి వెళ్లడం లేదు.

"దేనికోసం చూస్తున్నావమ్మా?" అంది నషిపాయ్.

"ష్, ఉండు," అంది నోలారి.

సూర్యుడు కొండ మీదికి వచ్చాడు. మందలు తోలుకెళ్లే వేళయింది. ముప్పై ఒక్క మందీ లేవడానికి సిద్ధమయ్యారు. ముప్పై ఒక్క ఎడమచేతులు ముప్పై ఒక్క తుంట్ల మీద పడ్డాయి. ముప్పై ఒక్క మోకాళ్లు ముందుకు వంగాయి. "ఊఁ" అంటూ, నేలను బతిమాలుతున్నట్టు, అందరూ ఒక్కలాగే లేచారు. నషిపాయ్ తన తుంటి తడుముకుంది. ఆ కంచె లోపల ఏ నొప్పీ లేకుండా నిలబడ్డది తనొక్కతే.

నోలారి కొంగుతో కళ్లు ఒత్తుకుని చెంబు సర్దుకుంది.

"లేచాడు," అంది. "ఇంక పాలు పితకొచ్చు."